మన్యం యువతకు కొత్త దారి: యాక్సెసిబిలిటీ ట్రైనింగ్

బొర్రా గుహలకు వచ్చిన చూపులేని పర్యాటకుణ్ని మెట్లు ఎలా దింపాలి? రిసార్టులో కొత్తగా చేరిన వినికిడి లేని సహోద్యోగికి పని ఎలా వివరించాలి? అరకులో దొరికే కొలువుల్లో చాలావరకు మనుషులతో ముఖాముఖి మెలిగేవే. హోటళ్లు, హోమ్‌స్టేలు, గిరిజన మ్యూజియం, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కౌంటర్లు, ఆసుపత్రులు, సచివాలయాలు.. ఎక్కడైనా ఈ ప్రశ్నలు ఎదురవుతాయి. వీటికి జవాబు తెలిసినవారికీ, దాన్ని తోటి ఉద్యోగులకు నేర్పగలవారికీ మంచి భవిష్యత్తు ఉంది. ఈ నేర్పించే పనే యాక్సెసిబిలిటీ ట్రైనింగ్.

చట్టం ఏమంటోంది?
దివ్యాంగుల హక్కుల చట్టం-2016 మరుసటి ఏడాది ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట దాని బాధ్యత చూడటానికి లైజన్ ఆఫీసర్ ఉండాలి. సౌలభ్య (యాక్సెసిబిలిటీ) ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో క్షేత్ర పరిస్థితులపై నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ దివ్యాంగ అధ్యయన కేంద్రమే.

శిక్షణలో ఏముంటుంది?
మొదటి పాఠం: అడగకుండా సాయం చేయొద్దు. చూపులేనివారి చేయి పట్టి లాగకూడదు. మన మోచేతిని వాళ్లు పట్టుకునేలా చూసి, అరడుగు ముందు నడుస్తూ ‘ఇక్కడి నుంచి మెట్లు దిగాలి’ అని చెప్పాలి. వినికిడి లేనివారితో ముఖం తిప్పకుండా మాట్లాడాలి, అవసరమైతే రాసి చూపాలి. వీల్‌చైర్‌ను అనుమతి లేకుండా తోయకూడదు. ర్యాంపు కట్టాలంటే ప్రతి అడుగు ఎత్తుకూ కనీసం 12 అడుగుల పొడవు కావాలని కూడా తెలిసుండాలి.

మన్యంలో ఇంకో పాఠం తప్పనిసరి. కొన్ని వైకల్యాలు కంటికి కనబడవు. గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధిని కూడా చట్టం వైకల్యంగానే గుర్తించింది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, అతి శ్రమ.. వీటిలో ఏదైనా తీవ్రమైన నొప్పులు రప్పించవచ్చు. అది తెలియని సూపర్‌వైజర్ ‘పని తప్పించుకుంటున్నాడు’ అనుకుంటాడు. తెలిసినవాడు డిసెంబరు చలిలో తెల్లవారుజాము షిఫ్టు మారుస్తాడు, నీళ్లు దగ్గర పెట్టుకోనిస్తాడు, నొప్పి మొదలైతే ఆసుపత్రికి పంపుతాడు. 4 శాతం రిజర్వేషన్ సికిల్ సెల్‌కు వర్తించదు. అందుకే తోటివారి అవగాహనే ఆ వ్యాధి ఉన్నవారి కొలువు నిలబెడుతుంది.

ఏ కోర్సులు చదవాలి?
• ఇంటర్ తర్వాత సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటేషన్ డిప్లొమా. 2015లో ఢిల్లీలో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం దీన్ని నిర్వహిస్తోంది.
• స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా, బీఈడీ. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో పేరున్న జాతీయ సంస్థ. ఎక్కడ చేరినా ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి.
• కంప్యూటర్ తెలిసినవారు వెబ్‌సైట్లు, యాప్‌ల యాక్సెసిబిలిటీ పరీక్షించడం నేర్చుకోవచ్చు. అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే సీపీఏసీసీ పరీక్ష ఉంది.

మీ బలం ఏమిటి?
హౌస్‌కీపింగ్ సిబ్బందికో, కాఫీ తోటల కూలీలకో ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తే ఏమీ ఎక్కదు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడగల యువతీ యువకులు వాళ్ల భాషలోనే చెప్పగలరు. మైదానం నుంచి వచ్చే శిక్షకులకు సాధారణంగా లేని అర్హత ఇది.

ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ఊరి సచివాలయానికో, దగ్గర్లోని రిసార్టుకో ఒక దివ్యాంగ మిత్రుడితో కలిసి వెళ్లండి. గేటు నుంచి మరుగుదొడ్డి దాకా ఎక్కడెక్కడ ఇబ్బంది పడ్డారో, ఖర్చు లేకుండా ఏది సరిచేయవచ్చో ఒక పేజీలో రాయండి. ఉద్యోగ దరఖాస్తుకు దాన్ని జతచేయండి. మీకే వైకల్యం ఉంటే వెనక్కి తగ్గకండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు సిద్ధం చేసుకుని ముందుగా మీరే దరఖాస్తు చేయండి. ఈ పాఠం చెప్పడానికి మీకన్నా తగినవారు లేరు.