బండి బరువు – కమాను బలం

మన ఊళ్ళలో పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళు ఎన్నో పనులు చేస్తున్నారు. పాలు అమ్ముతున్నారు. కూరగాయలు మార్కెట్టుకు పంపుతున్నారు. బండి అద్దెలకే చాలా డబ్బు పోతుంది. అందుకే "మనమే ఒక బండి కొనుక్కుంటే పోలా?" అనుకునే సంఘాలు కూడా ఉన్నాయి.

మదనపల్లె దగ్గర ఒక పల్లె అనుకుందాం. అక్కడి సంఘం వాళ్ళు టమాటా పండిస్తారు. బ్యాంకు అప్పుతో ఒక పాత లోడు బండి కొనాలనుకున్నారు. నాలుగు చక్రాల చిన్న బండి. కొనే ముందు మెకానిక్కును పిలిచి చూపించారు.

మెకానిక్కు బండి వెనక వంగి చూశాడు. "కమాన్లు మెత్తబడ్డాయి అక్కా. మార్చాలి. ఇంకో రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే టన్నున్నర అయినా లాగేస్తుంది" అన్నాడు.

కొందరు సంతోషపడ్డారు. ఒక పెద్దమ్మ మాత్రం ఇలా అడిగింది. "కమాను గట్టిదైతే బండంతా గట్టిదవుతుందా నాయనా?"

మంచి ప్రశ్న. జవాబు ఈ పాఠంలో చూద్దాం.

కమాను ఏం చేస్తుంది?

కావడి మోసేవారిని మీరు చూసే ఉంటారు. కావడి బద్ద బరువుకు వంగుతుంది. నడుస్తుంటే ఊగుతుంది. అందువల్ల భుజానికి దెబ్బ తగలదు. బద్ద బదులు ఇనుప కడ్డీ పెడితే? అడుగడుగుకూ భుజం నొప్పే.

బండికి కమాను కావడి బద్ద లాంటిది. ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేరుస్తారు. పై పట్టీ పొడుగ్గా ఉంటుంది. కిందికి పోయే కొద్దీ పట్టీలు పొట్టి అవుతాయి. మధ్యలో ఒక బోల్టుతో బిగిస్తారు. దీన్నే కమాను కట్ట అంటారు. ఈ కట్టను యూ బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. వెనకటి జట్కా బండ్లకు కూడా ఇలాంటి కమాన్లే ఉండేవి.

చక్రం గుంతలో పడుతుంది. కమాను వంగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. సరుకు నలగదు. చక్రం రోడ్డును వదలదు. చక్రం రోడ్డును అంటి ఉంటేనే బ్రేకు పనిచేస్తుంది. కాబట్టి కమాను సుఖం కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

ఏ బండికి ఏ కమాను?

కార్లకు ఎక్కువగా చుట్ట స్ప్రింగులు ఉంటాయి. అవి మెత్తగా ఊగుతాయి. మనుషులకు సుఖం. వోల్వో బస్సులకు గాలి సంచులు ఉంటాయి. జనం ఎక్కువైతే సంచిలో గాలి పెరుగుతుంది. బస్సు ఎత్తు తగ్గదు. కానీ వాటి ఖర్చు ఎక్కువ. బాగుచేసేవారు పల్లెల్లో దొరకడం కష్టం.

సరుకు బండికి వెనక కమాను పట్టీలే ఎక్కువ. బరువు మోస్తాయి. తక్కువ ఖర్చులో బాగుచేయవచ్చు. 2005లో టాటా ఏస్ అనే చిన్న బండి వచ్చింది. ముప్పావు టన్ను మోయడానికి చేసిన బండి. దానికి కూడా వెనక కమాన్లే పెట్టారు.

కొన్ని బండ్లకు కమాను కట్ట మీద ఇంకో చిన్న కట్ట ఉంటుంది. దీన్ని హెల్పరు కట్ట అంటారు. బండి ఖాళీగా ఉంటే ఇది ఊరికే ఉంటుంది. బరువు పడి పెద్ద కట్ట వంగినప్పుడు ఇది కూడా భుజం కలుపుతుంది. వెళ్ళేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే బండికి ఇది మంచిది.

మెత్తన ఎక్కువైనా తప్పే, గట్టి ఎక్కువైనా తప్పే

కమాను మరీ మెత్తనైతే బండి వెనక కుంగుతుంది. ముందు భాగం పైకి లేస్తుంది. స్టీరింగు తేలికై పట్టు తప్పుతుంది. రాత్రి పూట మన లైటు ఎదుటివారి కళ్ళలో పడుతుంది. టైరు బండి తొట్టికి రాసుకుంటుంది.

కమాను మరీ గట్టిదైతే? ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. చక్రం రోడ్డు మీద నిలవదు. బ్రేకు వేస్తే బండి పక్కకు జారవచ్చు. కొద్దిపాటి సరుకే ఉంటే అదీ దెబ్బ తింటుంది. టమాటాలు నలిగితే మార్కెట్టులో ధర పోయినట్టే.

కాబట్టి కమాను ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. రోజూ ఎంత బరువు వేస్తాం?
2. ఖాళీగా ఎంత దూరం తిరుగుతాం?
3. మన దారి తారు రోడ్డా, గుంతల దారా?

లెక్క చూద్దాం

బండి ఆర్.సి.లో రెండు బరువులు రాసి ఉంటాయి. అన్‌లాడెన్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు. గ్రాస్ వెయిట్ అంటే అన్నీ కలిపి ఉండదగిన బరువు. ఇంగ్లీషు మాటలు రాకపోయినా భయం లేదు. అంకెలు మనకు వచ్చు కదా! పెద్ద అంకెలో నుంచి చిన్న అంకె తీసేయండి.

ఉదాహరణకు ఒక బండి ఆర్.సి.లో 1,550 కిలోలు, 800 కిలోలు అని ఉన్నాయి.

1,550 – 800 = 750 కిలోలు.

ఇందులోనే డ్రైవరు, తోడు మనిషి కూడా ఉన్నారు. ఇద్దరూ కలిసి 125 కిలోలు అనుకుందాం.

750 – 125 = 625 కిలోలు. సరుకుకు మిగిలింది ఇంతే.

ఒక పెట్టెలో 25 కిలోల టమాటాలు. ఖాళీ పెట్టె 2 కిలోలు. మొత్తం 27 కిలోలు.

23 పెట్టెలు × 27 = 621 కిలోలు. సరిపోయింది.

"750 కిలోల బండి కదా" అని 30 పెట్టెలు వేస్తే? 30 × 27 = 810. మనుషులతో కలిపి 935. అంటే 185 కిలోలు ఎక్కువ! పెట్టె బరువు, మనిషి బరువు మరిచిపోతే ఇలా అవుతుంది.

పట్టీ ఎక్కిస్తే బండి బలపడుతుందా?

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. పట్టీలు పెంచితే వెనక కుంగదు. అది నిజమే. కానీ ఇరుసు పాతదే. టైర్లు పాతవే. బ్రేకులు పాతవే. చట్రం కూడా పాతదే. అవి ఎంత మోయగలవో అంతే మోస్తాయి. పైగా బండి కుంగకపోతే బరువు ఎక్కువైన సంగతి మన కంటికి తెలియదు. దిగుడు రోడ్డులో బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

చట్టం కూడా పట్టీలు లెక్క పెట్టదు. ఆర్.సి.లో ఉన్న బరువునే చూస్తుంది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. దాని 194వ సెక్షను ప్రకారం బరువు మించితే 20,000 రూపాయల జరిమానా. మించిన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువైన సరుకు దించే దాకా బండి కదలనివ్వరు. ఆ దించే ఖర్చు కూడా మనదే. సంఘం అప్పు కంతు ఎలా కడతాం?

ఇంకో మాట. కూలికి పోయే ఆడవాళ్ళను సరుకు బండి తొట్టిలో, ఒక్కోసారి మూటల మీద ఎక్కిస్తారు. బరువు ఎత్తుకు చేరిన కొద్దీ మలుపులో బండి బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. తొట్టి సరుకు కోసం. మనుషుల కోసం కాదు. "సర్దుకుని ఎక్కండి" అంటే ఎక్కకండి.

బండిని మనమే చూసుకుందాం

– సమంగా ఉన్న చోట బండి నిలపండి. వెనక టైరుకూ తొట్టికీ మధ్య ఎన్ని బెత్తెలు ఉందో రెండు వైపులా కొలవండి. ఒక వైపు తగ్గితే అటు కమాను దెబ్బ తిన్నదేమో చూపించండి.
– పట్టీ విరిగిందా, పగులు ఉందా చూడండి.
– యూ బోల్టులు వదులైతే బిగించమనండి. కొత్త కమాను వేసిన కొన్నాళ్ళకు మళ్ళీ బిగించాలి.
– షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారుతుంటే మార్పించండి.
– కమాన్లు మారిస్తే రెండు వైపులా మార్చాలి.
– బరువైన సరుకు కిందా, వెనక చక్రాలకు ముందు వైపూ పెట్టండి.
– అనుమానం ఉంటే వేబ్రిడ్జి దగ్గర తూకం వేయించండి.

చివరికి సంఘం వాళ్ళు ఏం చేశారు? కంపెనీ చెప్పినన్ని పట్టీలతోనే రెండు వైపులా కొత్త కమాన్లు వేయించారు. ట్రిప్పుకు 23 పెట్టెలే అని తీర్మానం రాసుకున్నారు. ఆ కాగితం డ్రైవరు ముందు అంటించారు. సరుకు ఎక్కువైన రోజు రెండు ట్రిప్పులు.

చదవండి – రాయండి

కమాను, పట్టీ, ఇరుసు, చట్రం, తొట్టి, తూకం, తీర్మానం

లెక్క చేయండి

ఒక బండిలో 600 కిలోల సరుకు వేయవచ్చు. బియ్యం బస్తా 50 కిలోలు. ఎన్ని బస్తాలు వేయవచ్చు?

సంఘంలో చర్చించండి

1. మీ ఊరి బండ్లలో ఎంత బరువు వేస్తున్నారు? ఎవరు లెక్క చూస్తున్నారు?
2. కూలి పనులకు ఏ బండిలో పోతున్నారు? వేరే దారి ఏమిటి?