అడుగుట – నిర్ణయించుట

యాత్రాస్థలములలోని సత్రములయందు తరచుగా ఒక విశేషము కానవచ్చును. ఒక గృహస్థు తన కుమార్తెకు వచ్చిన సంబంధమును గూర్చి నెలదినములుగా ఎటూ తేల్చుకొనలేక యుండును. అన్నదమ్ములవద్ద ఆ మాట ఎత్తడు. ఇల్లాలు అడిగినచో "చూతములే" అని తప్పించుకొనును. అట్టివాడు ప్రక్క చాపపై కూర్చున్న యాత్రికునితో, గడియ ముందువరకు ముఖపరిచయమైనను లేనివానితో, తన కథయంతయు చెప్పి, "అయ్యా, మీరైతే ఏమి చేయుదురు?" అని ప్రశ్నించును. తెల్లవారగానే ఎవరి ఊరికి వారు పోవుదురు. కన్నబిడ్డ బ్రతుకునకు సంబంధించిన మాటను ఊరు పేరు తెలియనివానిముందు పెట్టుటకు కారణమేమి?

ఆలోచించినచో మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది లజ్జ. తనవారిముందు తన సందేహమును బయటపెట్టినచో చులకన యగుదునేమో యని మానవుడు వెనుదీయును. అపరిచితునివద్ద ఆ భయము లేదు. రెండవది పక్షపాత శంక. బంధువుల మాటలో వారి లాభనష్టములు కలిసియుండవచ్చును; దారినపోవువానికి ఇందు ఏ లాభమును లేదు. ఈ రెండును సహజములే; వీనిని దోషములని చెప్పరాదు.

మూడవదియే విచారింపదగినది. నిర్ణయమునకు ఫలము కలదు. ఆ ఫలమునకు బాధ్యత కలదు. కార్యము చెడినచో "నేను చేసితిని" అని చెప్పుకొనుట కష్టము. "ఎవరో పెద్దమనిషి చెప్పగా చేసితిని" అనుట సులభము. కనుకనే మనుష్యుడు తన బరువును మోయుటకు ఒక భుజమును వెదకుచుండును. ఇందులో మరియొక చిత్రము కలదు. మొదటి యాత్రికుడు నచ్చని మాట చెప్పినచో రెండవవానిని అడుగును. వాడును అట్లే చెప్పినచో మూడవవానివద్దకు పోవును. తనకు నచ్చిన మాట వినబడినచోట అడుగుట ఆపును. అనగా అతని మనస్సు ముందే నిర్ణయించుకొన్నది. అతడు కోరునది ఉపదేశము కాదు, ఒప్పుదల మాత్రమే.

శాస్త్రము అడుగవలదని చెప్పలేదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, విద్య ముగించి గృహమునకు మరలుచున్న శిష్యునకు ఆచార్యుడు ఈ విషయమునే బోధించెను. కర్మ విషయమునగాని నడవడి విషయమునగాని సందేహము కలిగినప్పుడు, విచారణాశీలురును, కర్మనిష్ఠ గలవారును, క్రూరస్వభావము లేనివారును, ధర్మమునే కోరువారును అయిన పెద్దలు ఆ విషయమున ఎట్లు ప్రవర్తింతురో చూచి, అట్లు ప్రవర్తింపుమని ఆయన ఆదేశము. వారు పలికెడి మాటకంటె వారి నడవడిని ఇచట ప్రమాణముగా చూపుట గమనింపదగినది. నడవడి ఒక రాత్రి సత్రవాసములో తెలియునది కాదు.

అట్లయినచో అపరిచితునివలన ఎన్నడును మేలు కలుగదా? కలుగును. శ్రీమద్భాగవతమునందే ఇందుకు రెండు నిదర్శనములు కలవు. ఏకాదశ స్కంధములో యదుమహారాజు, ఎవరో ఎరుగని ఒక యువ అవధూతను చూచి, ఆయన ఆనందమునకు కారణమేమని అడిగెను. "నేనేమి చేయవలెను?" అని అడుగలేదు. అవధూత తనకు ఇరువదినలుగురు గురువులు కలరని చెప్పెను: భూమి, వాయువు, ఆకాశము, కపోతము, తేనెటీగ మొదలైనవి. ఒక కన్య వడ్లు దంచుచుండగా గాజులు చప్పుడు చేయుటయు, ఆమె చేతికొక్కటి మాత్రమే ఉంచుకొనగా ఆ చప్పుడు అణగుటయు చూచి, ఆయన ఏకాంతము విలువను తెలిసికొనెను. ఆ కన్య ఆయనకు ఉపదేశమేమియు చేయలేదు. ఆయన బుద్ధియే గ్రహించెను. ఈ కథను ఉద్ధవునకు చెప్పుటకు పూర్వము శ్రీకృష్ణ భగవానుడు, మనుష్యునకు విశేషించి తన ఆత్మయే గురువని, ప్రత్యక్షముచేతను అనుమానముచేతను అతడు తన శ్రేయస్సును తెలిసికొనగలడని చెప్పియున్నాడు.

రెండవది పరీక్షిన్మహారాజు కథ. ఏడవదినమున తక్షకునివలన మరణము కలుగునని తెలిసిన పిమ్మట ఆయన ఎవ్వరిని అడుగకయే రాజ్యభారమును కుమారునకు అప్పగించి, గంగాతీరమున ప్రాయోపవేశము చేసెను. అది తాను నిర్ణయింపదగినది, నిర్ణయించెను. మరణము సమీపించినవాడు ఏమి చేయవలెనన్నది తనకు తెలియనిది; దానిని మునులను అడిగెను, అప్పుడే వచ్చిన పదునారేండ్ల శుకయోగిని అడిగెను. తనవంతు పని ముగించి అడిగెను గనుకనే ఆ ప్రశ్నకు భాగవతము సమాధానముగా లభించెను.

ఆలోచన అడుగుటకును నిర్ణయించుటకును గల భేదము శ్రీరామాయణ యుద్ధకాండమున మరింత స్పష్టము. విభీషణుడు శరణు వేడి వచ్చినప్పుడు శ్రీరాముడు వానరులందరి అభిప్రాయములను అడిగెను. సుగ్రీవుడు వలదనెను. అంగదుడు పరీక్షింపుమనెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు శంకించెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపుమనెను. హనుమంతుడు స్వీకరింపుమనెను. స్వామి అందరి మాటలను ఆదరముతో వినెను. కాని శరణాగతునకు అభయమిచ్చుట తన వ్రతమని తానే నిర్ణయించెను. మరుదినము ఏమి జరిగినను, "హనుమంతుడు చెప్పగా చేసితిని" అని ఆయన అనియుండడు. రావణుడును సభ చేసి మంత్రులను అడిగెను. అయితే ప్రియము పలికినవారిని మెచ్చి, హితము పలికిన తమ్ముని నిందించెను. ఇరువురును అడిగినవారే, అడిగిన ఉద్దేశము వేరు.

ఇచట శ్రీవైష్ణవులకు ఒక సందేహము కలుగవచ్చును. సర్వభారమును స్వామిపై ఉంచుమని గదా పెద్దల బోధ? ఇక మన నిర్ణయమెక్కడిది? గీత పదునెనిమిదవ అధ్యాయమున చరమశ్లోకమునకు కొలది ముందే, అరువదిమూడవ శ్లోకమున, భగవానుడు తాను చెప్పినదంతయు సంపూర్ణముగా విమర్శించి, ఇచ్ఛ వచ్చినట్లు చేయుమని అర్జునునకే విడిచిపెట్టెను. సర్వజ్ఞుడైన స్వామియే శిష్యుని నిర్ణయమును తాను లాగికొనలేదు. శరణాగతికి చెప్పబడిన ఆరు అంగములలో మొదటిది ఆనుకూల్య సంకల్పము, రెండవది ప్రాతికూల్య వర్జనము. స్వామికి ప్రియమైనదానిని చేయుదునని సంకల్పించుటయు, అప్రియమైనదానిని విడుచుటయు జీవుని మనస్సులో జరుగవలసిన పనులు. ఆయనపై ఉంచునది రక్షణభారమే గాని మన ఆలస్యము కాదు. చివరకు అర్జునుడు సందేహము తొలగి, నీ మాట నెరవేర్చెదనని తన నోటితోనే పలికెను.

ఆ సత్రములోని గృహస్థు ప్రక్కవానిని అడుగుట తప్పు కాదు. అయితే ఇంటికి మరలిన పిమ్మట ఆ మాటను తూచవలసినవాడు అతడే. వరుని నడవడిని విచారింపవలెను. ఇల్లాలి మాట వినవలెను. ఎవరి బ్రతుకును గూర్చి ఈ ఆలోచనయో ఆ బిడ్డను ముందుగా అడుగవలెను. పిమ్మట స్వామికి నమస్కరించి, "ఇది నా నిర్ణయము, రక్షణము నీది" అని విన్నవించుకొనవలెను. మేలు కలిగినచో అది స్వామి ప్రసాదము. పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు, అది తనదని ఒప్పుకొన్నవానికే వీలు కలుగును.