క్షురకుని కథకు కత్తెర

సంభాషణలు సైతము పాటలుగా నడచు పాశ్చాత్య నాటకమును ‘ఆపెరా’ యందురు. హాస్యప్రధానములైన ఆపెరాలలో ‘సెవిల్ నగరపు క్షురకుడు’ మిక్కిలి పేరు పొందినది. 1816 ఫిబ్రవరి 20న రోము నగరమున దీనిని తొలిసారి ఆడినపుడు ప్రేక్షకులు ఈలలు వేసి గేలిచేసిరి. సంగీతకర్తయగు రోస్సీనికి అప్పటికి 24 ఏండ్లైనను నిండలేదు. మరుసటి ప్రదర్శనము మాత్రము జయప్రదమయ్యెను.

బార్తోలో యను వృద్ధవైద్యుడు తన సంరక్షణలోనున్న రోసీనాను, ఆమె ధనమునకు ఆశపడి, తానే పెండ్లాడ దలచి ఇల్లు కదలనీయడు. ఆమెను వలచిన అల్మవీవ ప్రభువు క్షురకుడైన ఫిగరో ఉపాయముచే ఒకసారి త్రాగిన సైనికుడుగను, ఒకసారి సంగీతోపాధ్యాయుడుగను ఆ యింట జొరబడును.

ఈ నాటకము పూర్తిగా ఆడుటకు రెండున్నర గంటలు పట్టును. అందుచే బాలుర కొఱకు దీనిని కుదించి ఆడుట కలదు. 2012లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఆపెరా వారు ఆంగ్లమున అట్లే ఆడిరి. కోత క్రొత్తది కాదు. ప్రభువు చివర పాడు పెద్దపాట మిక్కిలి కష్టమగుటచే గాయకులు దానిని చిరకాలము విడిచివేసిరి. రోస్సీనియే దాని సంగీతమును 1817లో మరియొక ఆపెరాలో వాడుకొనెను.

కత్తెర మొదట పడునది పాటకును మాటకును నడుమనుండు సంభాషణముల మీద. వాని స్థానమున మాతృభాషలో నాలుగు వాక్యములు పలికిన కథ నడచును. వాద్యబృందమునకు బదులు ఒక పియానో, సైనికుల గుంపునకు బదులు ఇద్దరు భటులు చాలుదురు.

అయితే ‘చెప్పినదే చెప్పుచున్నాడు గదా’ యని తుడిచివేయరానివి కొన్ని కలవు. బాసీలియో అపనింద మహిమను వర్ణించు పాట అట్టిది. అపనింద పిల్లగాలివలె మొదలై, చెవినుండి చెవికి ప్రాకి, తుదకు ఫిరంగివలె ప్రేలునని అతడు పాడును. సంగీతమును అట్లే గుసగుసగా మొదలై, పలుమారులు తిరిగివచ్చుచు క్రమముగా పెరుగును. అందు సగము తీసివేసినచో ఫిరంగి ప్రేలదు. ఉట్టి కేక మిగులును.

రెండవ అంకములోని తుపాను ఇంకొకటి. అప్పుడెవరును పాడరు గనుక తొందరపాటువారు దానినే మొదట కోయుదురు. కాని తుపాను వెలిసినంతనే ప్రభువును ఫిగరోయు నిచ్చెనపై లోనికి వత్తురు. బార్తోలో ఆ నిచ్చెనను తీసివేయును. పారిపోవ దారిలేక ప్రేమికులు లోపలనే చిక్కుపడుదురు. ఇంతలో బార్తోలో తన పెండ్లికై పిలిపించిన పత్రలేఖకుడు వచ్చును. అతనిచేతనే వారు తమ పెండ్లి జరిపించుకొందురు. ముసలివాడు భటులతో వచ్చుసరికి అంతయు ముగియును. తొలి ప్రదర్శనమున ఈ నాటకమునకు ‘వ్యర్థమైన జాగ్రత్త’ యని కూడ పేరుండుటకు కారణమిదియే.

తుపానును ఒక్క నిమిషమునకు కుదించినను కుదింపవచ్చును. నిచ్చెన గోడకు ఆనుటయు, పిదప దానిని తొలగించుటయు మాత్రము చివరి వరుసలోని బాలునికిని కనబడవలెను.