ప్రోగ్రెస్ కార్డులో ఒక్క వాక్యం

పరీక్షలు ముగిసిన పది పదిహేను రోజులకు పిల్లలు ప్రోగ్రెస్ కార్డులు ఇంటికి తెస్తారు. మార్కుల గళ్ళు అందరమూ చూస్తాం. ముప్పై అయిదు దాటిందా లేదా, పక్కింటి అమ్మాయికి ఎన్ని వచ్చాయి, క్లాసులో ఎన్నో ర్యాంకు అని అడుగుతాం. ఆ గళ్ళ కింద 'ఉపాధ్యాయుని అభిప్రాయం' అని ఒక సన్నని గీత ఉంటుంది. దాని మీద వ్రాసిన మాటను చదివేవారు తక్కువ. నిజం చెప్పాలంటే దాన్ని ఆలోచించి వ్రాసే ఉపాధ్యాయులూ తక్కువే. ఈ వారం ఆ గీత మీది మాట గురించీ, పిల్లలు తమ పనిని గురించి తాము వ్రాసుకొనే నివేదిక గురించీ కొంత చదువుకుందాం.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1988లో నేను ఏడవ తరగతికి లెక్కలు చెప్పేవాడిని. వెనుక బల్లలో ఒక కుర్రవాడు ఉండేవాడు. బోర్డు మీద లెక్క వేస్తే ఎత్తి వ్రాసుకోడు, పక్కవాడి పుస్తకంలోకి చూస్తుంటాడు. త్రైమాసిక పరీక్షల కార్డులో 'అశ్రద్ధ ఎక్కువ' అని వ్రాశాను. అర్ధ సంవత్సర పరీక్షల కార్డులోనూ అదే మాట వ్రాశాను. నలభై ఎనిమిది కార్డులు ఒక్క సాయంత్రంలో పూర్తి చేయాలి మరి, చేయి దానంతటదే వ్రాసుకుపోయేది.

సంక్రాంతి తరువాత ఒకనాడు వాళ్ళ అమ్మ బడికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. కార్డు ఎవరి చేతనో చదివించుకుని వచ్చింది. "మా వాడు అశ్రద్ధగాడా సార్? గొడ్లకు మేత వేయడం ఒక్క పూట మానడండి. ఈ మాట చూసి వాళ్ళ నాన్న రెండుసార్లు కొట్టాడు" అంది. నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె వెళ్ళబోతూ, "దూరంగా ఉన్నది వాడికి సరిగా ఆనదండి. చేలో ఉన్న నన్ను కూడా గొంతు విని పోల్చుకుంటాడు" అంది.

మరునాడు వాణ్ణి ముందు బల్లలో కూర్చోబెట్టాను. బోర్డు మీది అంకెలు అప్పటికీ తడబడుతూనే చదివాడు. కళ్ళద్దాలు వచ్చేసరికి ఫిబ్రవరి దాటింది. ఏప్రిల్‌లో పరీక్ష తప్పాడు. నేను వ్రాసిన మాట వాడి గుణాన్ని గురించినది. నేను చూసిన సంగతి మాత్రం 'బోర్డు మీది లెక్కలు ఎత్తి వ్రాసుకోవడం లేదు' అన్నది ఒక్కటే. ఆ చూసిన సంగతినే ఉన్నదున్నట్టు వ్రాసి ఉంటే, ఆ తల్లి సెప్టెంబరులోనే 'ఆనదండి' అని చెప్పి ఉండేది.

ఉపాధ్యాయులు పట్టుకోవలసిన మొదటి సంగతి ఇందులోనే ఉంది. కార్డులో వ్రాయవలసింది కంటితో చూసిన పనిని. పిల్లవాడి స్వభావం మీద తీర్పును కాదు. 'బద్ధకం', 'మొద్దు', 'అల్లరి' అన్నవి తీర్పులు. 'గుడ్', 'ఫర్వాలేదు', 'ఇంకా కృషి చేయాలి' అన్నవి తీర్పులు కూడా కావు, ఖాళీ మాటలు. కృషి చేయాలంటే దేనిలో చేయాలి? ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, రేపు ఏం చేయాలి అన్న మూడు సంగతులు చెబితే ఆ గీతకు న్యాయం జరిగినట్టే.

అయిదవ తరగతి అమ్మాయి విషయంలో ఇలా వ్రాయవచ్చు: 'హారాలు సమానంగా ఉన్న భిన్నాలను తప్పు లేకుండా కూడుతుంది. హారాలు వేరైనప్పుడు పైవి పైకి, కిందివి కిందికి కూడేస్తోంది. అరకూ మూడోవంతుకూ మొత్తం అయిదింట రెండు వంతులు అని వ్రాసింది. ఇంట్లో ఒక చపాతీని ఆరు ముక్కలు చేసి, సగమంటే మూడు ముక్కలు, మూడోవంతంటే రెండు ముక్కలు అని చూపించండి.' ఇది చదివిన తల్లి పొయ్యి దగ్గరే ఆ పాఠం చెప్పగలదు. మొత్తం అయిదు ముక్కలు, అంటే ఆరింట అయిదు వంతులు, కంటి ఎదుటే కనబడుతుంది. పైగా అయిదింట రెండు అంటే సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా ఎలా తగ్గుతుంది అని ఆ పిల్లకే తడుతుంది. అదే కార్డులో 'లెక్కలలో వెనుకబడి ఉన్నది' అని వ్రాస్తే ఆ తల్లి చేయగలిగేది ఏముంది? ట్యూషను పెట్టడం, లేదా తిట్టడం.

తెలుగులోనూ అంతే. 'దస్తూరి బాగులేదు' అనేకంటే 'చూసి వ్రాసినప్పుడు ఒత్తులు సరిగా పెడతాడు, చెప్పి వ్రాయించినప్పుడు వదిలేస్తాడు' అంటే లోపం చేతిలో లేదని, వినికిడిలోనో పలుకుబడిలోనో ఉందని తెలుస్తుంది. రోజూ నాలుగు మాటలు పైకి పలికించి వ్రాయిస్తే సరిపోతుంది.

ఇన్ని సంగతులు కార్డులు వ్రాసే రోజున గుర్తుకు రావు. అందుకు ఒక చిన్న నోటుబుక్కు కావాలి. పిల్లవాడికి ఒక పేజీ, తేదీ వేసి ఒక్క వాక్యం. రోజుకు ముగ్గురి గురించి వ్రాసుకున్నా నెలలో అందరూ వస్తారు. బి.ఎడ్.లో దీన్నే అనెక్డోటల్ రికార్డు అని చదువుకున్నాం, పరీక్షలో వ్రాసి మార్కులూ తెచ్చుకున్నాం, ఉద్యోగంలో చేరాక మరిచిపోయాం. ఆ పుస్తకం పెట్టుకున్నాక నాకు ఒక విచిత్రం తెలిసింది. కొందరు పిల్లల పేజీలు నెలల తరబడి ఖాళీగా ఉండేవి. అల్లరి చేయనివారు, ఫస్టు రానివారు. వారిని నేను అసలు చూడడమే లేదన్నమాట.

మరి పిల్లల మాట? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. దాని ప్రకారం మన తెలుగు బడులలో నిర్మాణాత్మక మూల్యాంకనం ప్రవేశపెట్టినప్పుడు పిల్లల భాగస్వామ్యం, వ్రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అని నాలుగు సాధనాలు పెట్టారు. ఇందులో ప్రాజెక్టు పనికి పిల్లలు నివేదిక వ్రాయాలి. ఉద్దేశం చక్కనిదే. కాని చాలా ఇళ్ళలో జరిగిందేమిటి? ఫ్యాన్సీ షాపులో చార్టు కొనడం, గైడులో ఉన్నది ఎత్తి వ్రాయడం, రంగుల స్కెచ్‌పెన్నులతో అక్క చేత హెడ్డింగులు పెట్టించడం. నివేదిక మాత్రం పిల్లవాడిది కాదు.

పిల్లలూ, నివేదికకు ఒక ప్రశ్న కావాలి. 'నీటి ప్రాముఖ్యత' అన్నది ప్రశ్న కాదు. 'మా ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు ఖర్చవుతాయి?' అన్నది ప్రశ్న. వారం రోజులు లెక్క పెట్టండి. వంటకు, స్నానాలకు, గిన్నెలకు, గొడ్లకు అని గళ్ళు గీసి ఏ రోజుది ఆ రోజే వ్రాయండి. ఎవరిని అడిగారో, ఎలా కొలిచారో చెప్పండి. బుధవారం బడి నుంచి ఆలస్యంగా వచ్చి లెక్క తప్పారా? 'బుధవారం లెక్క తప్పింది' అని వ్రాయండి, ఉత్తుత్తి అంకె వేయకండి. మార్కులు తగ్గుతాయని భయమా? లోపం ఒప్పుకున్న నివేదికకు మార్కు తగ్గించే ఉపాధ్యాయుడు ఉంటే, తప్పు ఆయనది. చివర మీకు తెలిసింది రెండు వాక్యాలలో వ్రాయండి. అనుకున్నదానికి వ్యతిరేకంగా తేలితే మరీ మంచిది, అది తప్పకుండా వ్రాయండి.

2020 నాటి జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డునే మార్చాలని చెప్పింది. ఉపాధ్యాయుడు వ్రాసేదానితో పాటు విద్యార్థి తనను గురించి తాను వ్రాసుకొనేది, తోటి విద్యార్థులు వ్రాసేది కూడా కార్డులో ఉండాలన్నది అందులోని ఆలోచన. తోటివారి అభిప్రాయం విషయంలో నాకు కొంచెం సందేహమే. పదేళ్ళ పిల్లలు స్నేహాన్ని బట్టి, నిన్నటి తగవును బట్టి వ్రాస్తారు. తమ గురించి తాము వ్రాసుకోవడం మాత్రం ఇంట్లో ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. 'నేను బాగా చదువుతాను' అని కాదు. 'సాంఘిక శాస్త్రంలో పటం గుర్తించడం వచ్చింది. పాఠం చదివి సొంత మాటల్లో జవాబు వ్రాయడం రావడం లేదు, చూసి వ్రాస్తున్నాను' అని. ఈ రెండో వాక్యం వ్రాసిన పిల్లను కోప్పడితే, వచ్చేసారి ఆమె మొదటి వాక్యమే వ్రాస్తుంది. తల్లిదండ్రులు ఇది గమనించాలి.

ఇంకొక సంగతి ఉంది. చదువురాని తల్లికి కార్డు చదివి వినిపించేది తరచుగా ఆ పిల్లవాడే. వాడు ఏం చదువుతాడో మనకు తెలుసు! అందుకని తల్లిదండ్రుల సమావేశం రోజున ఉపాధ్యాయులు ఆ వాక్యాన్ని నెమ్మదిగా పైకి చదివి, వేలిముద్ర వేయించుకునే ముందు, "ఇంట్లో ఎలా ఉంటాడమ్మా, మీరేం చూశారు?" అని అడగాలి. ఆమె చెప్పిన మాటను కూడా తేదీ వేసి వ్రాయాలి. చాలా కార్డులలో దానికంటూ గీత ఉండదు. వెనుక పక్క మాత్రం ఖాళీ ఉంటుంది.