సిగాలుని ఆరు దిక్కులు

బుద్ధభగవానుని పేరు వినగానే మనకు స్ఫురించునది సంసారత్యాగము. ఆలిని, పసిబిడ్డను విడిచి అర్ధరాత్రమున గడప దాటిన రాజకుమారుడే కన్నులకు కట్టును. జయదేవకవి గీతగోవిందమున ఆయనను దశావతారములలో కీర్తించెను. శ్రీవైష్ణవులు పలువురు ఆ గణనమున ఆయనను చేర్పరు. ఆ చర్చ యట్లుండనిండు. ఇల్లు విడిచిన ఆ మహనీయుడే ఇంటనుండువారికి ఉపదేశించిన ధర్మమొకటి పాలిభాషయందలి దీఘనికాయమున 31వ సూత్రముగా నున్నది. దానికి సిగాలోవాద సుత్తమని పేరు. క్రీ.శ. 5వ శతాబ్దమున సింహళమందు వ్యాఖ్య రచించిన బుద్ధఘోషుడు దీనిని ‘గిహివినయ’ మనెను. గిహి యనగా మన గృహియే.

కథ స్వల్పము. రాజగృహమున సిగాలుడను గృహపతి కుమారుడు వేకువనే లేచి, నగరము వెలుపలికి వచ్చి, తడిబట్టలతో, తడితలతో చేతులు జోడించి తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము, క్రిందు, మీదు అను ఆరు దిక్కులకు మ్రొక్కుచుండెను. వేణువనమున విడిసియున్న బుద్ధుడు భిక్షకై వచ్చుచు, చూచి, కారణమడిగెను. మరణకాలమున తండ్రి ఇట్లు చేయుమని ఆజ్ఞాపించెనని ఆ యువకుడు విన్నవించెను. సంధ్యావందనమున దిఙ్నమస్కారము చేయు మనకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. బుద్ధుడు తండ్రిమాటను నిందింపలేదు. ఆర్యుల ఆచారమున ఆరు దిక్కులకు మ్రొక్కు తీరు వేరని మాత్రము చెప్పెను.

తూర్పు తల్లిదండ్రులు, దక్షిణము గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరము మిత్రులు, క్రింది దిక్కు సేవకులు, పనివారు, మీది దిక్కు శ్రమణబ్రాహ్మణులు. తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవముగా భావింపుమను తైత్తిరీయోపనిషత్తు శాసనము ఇచట పాఠకులకు గుర్తురాక మానదు. ఈ కూర్పులోని ఔచిత్యమును బుద్ధఘోషుడు శబ్దమునుండియే చూపును. వ్యాకరణము చదివినవారికి ఇది పాయసమువంటిది. మనకు పూర్వమే ఉపకారము చేసినవారు గావున తల్లిదండ్రులు పూర్వదిక్కు. దక్షిణకు అర్హులు గావున గురువులు దక్షిణదిక్కు. వెనువెంట వచ్చువారు గావున ఆలుబిడ్డలు పశ్చిమము. ఎవరి నాశ్రయించి కష్టములను ఉత్తరింతుమో, అనగా దాటుదుమో, ఆ మిత్రులు ఉత్తరము. పాదమూలమున నిలుచువారు అధోదిక్కు, గుణములచే పైనున్నవారు ఊర్ధ్వదిక్కు.

ప్రతి దిక్కునకు మనము చేయవలసినవి చెప్పి, ఆ దిక్కు మరల మనకు చేయవలసినవియు చెప్పుట యిందలి విశేషము. కుమారుడు తల్లిదండ్రులను పోషింపవలెను, వంశాచారమును నిలుపవలెను. వారును బిడ్డను పాపమునుండి మరలించి, విద్య చెప్పించి, తగిన సంబంధము చేసి, సకాలమున ఆస్తి నప్పగింపవలెను. ఈ చివరిమాట పెద్దలకు. తుదిశ్వాస వరకు తాళపుచెవులను మొలనుండి విప్పని తండ్రులు లేకపోలేదు!

భర్త భార్యను గౌరవింపవలెను, తూలనాడరాదు, పరస్త్రీగమనము చేయరాదు, అధికారము నామెకు విడువవలెను, అలంకారములను సమకూర్పవలెను. అధికారమనుచోట మూలమున నున్న పదము ‘ఇస్సరియ’, మన ఐశ్వర్యశబ్దమే, ఈశ్వరత్వమని అర్థము. ఎంతటి నగ యిచ్చినను వంటయింటి పెత్తనము దక్కని స్త్రీకి కోపము వచ్చునని, గరిటె చేతికిచ్చి నీ యిష్టమన్నచో అధికారమెల్ల ఇచ్చినట్లేనని వ్యాఖ్యాత చమత్కరించెను. ఆయన మాట ముచ్చటైనదే కాని, మూలము వంటయింటితో ఆగినట్లు నాకు తోచదు. భర్త ఆర్జించిన ధనమును కాపాడుట భార్య ధర్మములలో నొకటిగా అచటనే చెప్పబడినది. పెత్తనము లేనిదే కాపాడుటెట్లు?

అధోదిక్కునకు మ్రొక్కుట మిక్కిలి కష్టము. పనివానికి బలమునకు తగిన పని చెప్పవలెను, తిండియు కూలియు ఇయ్యవలెను, రోగమున సేవ చేయవలెను, సమయమున పనినుండి విడుపు నీయవలెను, అపురూపమైన రుచులు ఇంటికి వచ్చినపుడు పంచవలెను. ఈ తుదిదానిని మనమెందరము పాటించుచున్నాము? తిరుమలనుండి తెచ్చిన లడ్డును చుట్టములందరికి చిటికెడేసి పంచి, పెరటిలో అంట్లు తోమునామెను మరచు ఇండ్లు మనలో కలవు. వేయి మెట్లెక్కి మ్రొక్కినవారు పాదముల చెంతనున్న దిక్కును చూడకున్న ఆ మ్రొక్కు సిగాలుని తొలి మ్రొక్కు వంటిదే.

సంపద నశించు ద్వారములారు: మద్యము, అకాలమున వీథుల దిరుగుట, వేడుకల వెంటబడుట, జూదము, దుష్టస్నేహము, సోమరితనము. వీనిని విస్తరింప నక్కరలేదు; జూదరికి పిల్లనిచ్చు వారుండరని సూత్రమునందున్న మాట యొక్కటి చాలును. నిలిచిన సంపదను నాలుగు భాగములు చేయవలెను. ఒకటి అనుభవమునకు, రెండు వృత్తివ్యాపారములకు, ఒకటి ఆపదకు. మరి దానమునకేదని సందేహము కలుగును గదా! అనుభవింప నుంచుకొన్న భాగమునుండియే భిక్షువులకు, దిక్కులేనివారికి ఇయ్యవలెనని బుద్ధఘోషుని సమాధానము. నేతగానికి, మంగలికి ఇయ్యవలసిన కూలియు అందుండియే యట.

ఉపదేశాంతమున సిగాలుడు త్రిశరణములు గైకొని, తన్ను ఉపాసకునిగా స్వీకరింపుమని వేడెను. కాషాయ మడుగలేదు.