సందేహాలు - సమాధానాలు: సాయంత్రమైతే ఏడుపొస్తోంది

పెదకాకాని మండలంలో హైవే పక్కన నాగార్జున విశ్వవిద్యాలయం, నంబూరులో ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి. కొత్త క్లాసులు మొదలయ్యాయంటే ఈ చుట్టుపక్కల హాస్టళ్ల నుంచీ, పిల్లల్ని దింపి వెళ్లిన ఇళ్ల నుంచీ ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి ఆరు.

ప్రశ్న: మాది మాచర్ల దగ్గర పల్లెటూరు. యూనివర్సిటీలో పీజీలో చేరి మూడు వారాలైంది. పగలు బాగానే ఉంటాను. సాయంత్రం ఆరయ్యేసరికి ఏడుపొస్తుంది. అమ్మకు రోజూ ఆరేడుసార్లు ఫోన్ చేస్తున్నాను. రూమ్‌మేట్స్ మాత్రం హాయిగా నవ్వుకుంటున్నారు. నాకేమైనా జబ్బా? - ఒక విద్యార్థిని

జవాబు: జబ్బు కాదమ్మా, బెంగ. ఇంగ్లీషులో హోమ్‌సిక్‌నెస్ అనేది దీన్నే. పగలు క్లాసులు మనసును పట్టి ఉంచుతాయి. నాన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకు మాత్రం మీ మనసు ఇంటికి వెళ్లిపోతుంది. మూడు వారాలకు ఇది మామూలే. ఆరేడు ఫోన్లు మాత్రం మానుతున్న పుండును గోకడం లాంటివి. రాత్రి భోజనమయ్యాక ఒక్కసారి, తీరిగ్గా మాట్లాడండి. ఆరింటికి గదిలో ఉండకుండా లైబ్రరీకో, నడకకో వెళ్లండి. ఏడుపు లేని రోజులు వారానికి ఒకటి చొప్పున పెరుగుతున్నా మీరు కుదురుకుంటున్నట్టే. రెండు నెలలైనా ఇలాగే ఉన్నా, వరసగా కొన్ని రోజులు తిండీ నిద్రా లేకపోయినా కౌన్సెలర్‌ను కలవండి. ఇక ఆ నవ్వే రూమ్‌మేట్స్ సంగతి: బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు.

ప్రశ్న: డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. క్లాసులో అందరూ ఏడాదిగా కలిసి ఉన్నవాళ్లే, జట్లు ఎప్పుడో కట్టేసుకున్నారు. నన్ను పేరుతో కాదు, 'లేటరల్' అని పిలుస్తున్నారు. మ్యాథ్స్ ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఉద్యోగం చూసుకోకుండా తప్పు చేశానా? - ఒక విద్యార్థి, నంబూరు

జవాబు: తప్పేమీ చేయలేదు. పంక్తిలో అందరూ సగం భోజనం చేశాక వచ్చి కూర్చున్నారు, అంతే. మీ ఉత్తరంలో స్నేహితులు లేని బాధ, లెక్కలు రాని భయం రెండూ ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. ముందు వాటిని విడదీయండి. మీ క్లాసువాళ్లు ఇంటర్లో రెండేళ్లు లెక్కలే రుబ్బి, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మళ్లీ చదివారు. పదో తరగతి తర్వాత మీ మూడేళ్లలో సగం వర్క్‌షాపులోనూ ల్యాబులోనూ గడిచాయి. కాబట్టి లోటు తెలివిలో లేదు, నోట్సులో ఉంది. మొదటి ఏడాది మ్యాథ్స్ నోట్సు ఎవరినైనా అడిగి తెచ్చుకుని రోజుకో అరగంట కూర్చోండి. ఆ అడగడంతోనే ఒక పరిచయం మొదలవుతుంది. మీటరు పట్టుకోవడం, తీగ కలపడం, డ్రాయింగు చదవడం మీకు ముందే వచ్చు. స్నేహాలకు నా ఓటు క్యాంటీన్‌కు కాదు, ల్యాబ్‌కే. పక్కవాడి సర్క్యూట్ పనిచేయనప్పుడు చేయి వేసి చూడండి, వారం తిరక్కుండా 'లేటరల్' పోయి మీ పేరు వస్తుంది. మొదటి మిడ్‌లో మార్కులు తగ్గితే కంగారు పడకండి. భయంతో క్లాసులకే వెళ్లడం మానేస్తుంటే మాత్రం ఆ వారమే మీ సార్‌తో చెప్పండి.

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇక్కడ పాఠమంతా ఇంగ్లీషులో. సందేహం అడగాలంటే నోరు పెగలడం లేదు. - ఒక విద్యార్థి, వినుకొండ

జవాబు: మీకు సబ్జెక్టు వచ్చు, దాని పేర్లే కొత్తవి. రేపటి పాఠంలో వచ్చే పది మాటల్ని ఈ రాత్రే తెలుగులో అర్థం రాసి పెట్టుకుంటే సగం పాఠం చేతికొస్తుంది. సందేహాన్ని క్లాసు అయ్యాక తెలుగులోనే అడగండి, చాలామంది అధ్యాపకులు మీలాగే వచ్చినవాళ్లు. ఒక సెమిస్టర్ పట్టడం మామూలే.

ప్రశ్న: సీనియర్లు రాత్రి గదికి పిలిచి 'ఇంట్రడక్షన్' ఇవ్వమంటున్నారు. పాడించారు, గోడకుర్చీ వేయించారు. ఎవరికైనా చెబితే ఇంకా ఎక్కువ చేస్తారని భయం. - పేరు వద్దు

జవాబు: మీ భయం పిరికితనం కాదు, ఎవరికైనా వేసేదే. పగటిపూట పేరు, ఊరు అడగడం పరిచయం. రాత్రి పిలిచి గోడకుర్చీ వేయించడం ర్యాగింగ్. నవ్వుతూ చేయించినా అంతే. మన రాష్ట్రంలో 1997 నుంచీ దీనికి ప్రత్యేక చట్టం ఉంది, జైలు శిక్ష కూడా ఉంది. ఈ ఒక్క విషయంలో 'కొన్నాళ్లు ఆగి చూడండి' అని నేను చెప్పను. ఈ రోజే వార్డెన్‌కు చెప్పండి, లేదా 1800-180-5522కు ఫోన్ చేయండి. అది జాతీయ ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇంట్లోనూ చెప్పండి.

ప్రశ్న: మాది కౌలు సేద్యం, మిరప వేశాం. అబ్బాయిని ఇంజినీరింగ్‌లో చేర్చి నెలన్నర అయింది. ఫోన్ చేస్తే 'ఆఁ, ఊఁ' తప్ప మాటలేదు. నిన్న మాత్రం 'వచ్చేస్తానమ్మా' అన్నాడు. ఫీజు కట్టేశాం. ఆయనకు చెబితే కోప్పడతారు. పిలిపించేయాలా? - ఒక తల్లి, ప్రత్తిపాడు

జవాబు: కంగారు పడకండమ్మా. 'వచ్చేస్తాను' అని మీతో అన్నాడంటే మీ దగ్గర ఇంకా మనసు విప్పుతున్నాడనే. ఆ వయసు మగపిల్లలు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడటం మామూలే. ఫీజు మాట, అప్పు మాట ఇప్పుడు ఎత్తకండి. అవి వాడికి తెలుసు, ఆ బరువుతోనే నోరు మూసుకుని ఉండొచ్చు. 'అన్నం తిన్నావా' అని ఊరుకోకుండా 'ఎవరితో తిన్నావు' అని అడగండి, ఆ జవాబులో మీకు చాలా తెలుస్తుంది. ఈ ఆదివారం మీరే వెళ్లి మనిషిని చూడండి. చిక్కిపోయాడా, స్నానం చేస్తున్నాడా, క్లాసులకు వెళుతున్నాడా? రెండు వారాలుగా రోజంతా దిగులుగానే ఉంటే డాక్టరుకు చూపించాలి. 'నేను లేకపోతేనే మేలు' లాంటి మాట ఒక్కటి అన్నా ఆదివారం దాకా ఆగొద్దు, ఆ రోజే బయల్దేరండి, వాడిని ఒంటరిగా ఉంచొద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ ఆయనకూ చెప్పండి. చాలాసార్లు ఆ కోపం కింద ఉండేది భయమే.

ప్రశ్న: మా ఊరు పెదకాకానే. ఇంటి నుంచే కాలేజీకి వెళ్తాను. నాకు బెంగ ఉండకూడదు కదా? అయినా క్యాంపస్‌లో ఒంటరిగా ఉంటోంది. - ఒక డే స్కాలర్

జవాబు: ఇల్లు దగ్గరైనంత మాత్రాన కాలేజీ పాతది కాదు కదా. హాస్టల్ వాళ్లు రాత్రి మెస్‌లో దగ్గరవుతారు, ఆ వేళకు మీరు ఇంట్లో ఉంటారు. అందుకే ఈ వెలితి, మీలో లోపమేమీ లేదు. సాయంత్రం ఒక గంట ఆగి వెళ్లండి. ఆదివారం ఇద్దరు ముగ్గురిని మల్లేశ్వరస్వామి గుడి చూపిస్తానని పిలిచి, అటునుంచి అటే ఇంటికి భోజనానికి తీసుకెళ్లండి. మెస్ సాంబారు తినేవాళ్లెవరూ కాదనరు.