చేతులు మారిన వేగం

పాఠ్యాంశ ఉద్దేశం

వస్తువును కొనడం వేరు, దానికి యజమాని కావడం వేరు. ఒకరు వాడిన విదేశీ స్పోర్ట్స్ కారును కొన్న యువకుని తొలి అనుభవాల ద్వారా ఈ భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

విదేశీ మోటారు వాహనాలపై మక్కువ తెలుగునేలకు కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్‌రాయిస్ సంస్థ నుండి ఒక సిల్వర్ ఘోస్ట్ కారును తెప్పించదలచాడు. అది చేతికి అందకముందే, 1911లో ఆయన మరణించాడు. 1912 నాటి ఆ కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. ఆనాడు అటువంటి వాహనం ప్రభువుల సొత్తు. సామాన్యుడు దారి పక్కన నిలిచి చూడవలసిందే.

కాలం మారింది. కొత్తదాన్ని కొనలేనివారు మరొకరు వాడిన కారును కొనే మార్గం ఏర్పడింది. అయితే విదేశంలో వాడిన కారును నేరుగా మన దేశానికి తేవడం తేలిక కాదు. అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపున ఉండాలి. భారీ సుంకం చెల్లించాలి. సుంకం భారం ఎంతటిదో క్రికెటర్ సచిన్ తెందూల్కర్‌కు 2002లో బహుమతిగా లభించిన ఫెరారీ 360 మోడెనా ఉదంతం దేశానికంతటికీ తెలియజేసింది. కోటి రూపాయలకు మించిన సుంకం నుండి ఇచ్చిన మినహాయింపుపై విమర్శలు చెలరేగాయి. చివరకు ఆ సుంకాన్ని ఫియట్ సంస్థ చెల్లించింది. 2011లో ఆ కారు కూడా సూరత్ నగరానికి చెందిన ఒక వ్యాపారి చేతికి మారింది. ప్రసిద్ధుల వాహనమైనా చివరకు పాతబండిగా అమ్ముడుపోక తప్పదు.

పటేల్‌గూడలో నివసించే ఒక యువ ఇంజనీరు అటువంటి కారును కొన్నాడని ఊహించవచ్చు. పటాన్‌చెరు కర్మాగారాల నడుమ పెరిగినవానికి యంత్రాలు కొత్త కావు. పదేళ్లు దాచిన సొమ్ము ఖర్చయింది. కారు ఇంటి ముందుకు రాగానే వీధిలోని పిల్లలందరూ చుట్టూ మూగారు. తల్లి హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. తండ్రి మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగివచ్చి, “దీన్ని మేపగలవా నాయనా?” అని అడిగాడు. కొడుకు నవ్వి ఊరుకున్నాడు.

లోపల కూర్చోవడమే మొదటి పాఠం. ఆసనం నేలకు ఆనినంత కిందుగా ఉంది. ఇంజను వీపు వెనుక ఉండటం వల్ల దాని గర్జన నేరుగా చెవులకు సోకింది. వెనుక అద్దంలో దారి సగమే కనిపించింది. క్లచ్ బరువుగా ఉంది. ఎండాకాలపు రద్దీలో పావుగంట నిలబడేసరికి ఇంజను వేడి ఆసనం దాకా పాకింది. దారిలో లారీ పక్కన ఆగినపుడు దాని చక్రం అతని తలకు సమానంగా కనిపించింది. చిత్రపటంలో కనిపించిన దర్పం స్థానంలో ఒక చిన్న భయం చోటుచేసుకుంది.

రెండవ పాఠాన్ని రోడ్డు నేర్పింది. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. వెడల్పు తగ్గినకొద్దీ మిట్ట నిటారు అవుతుంది. ఇటువంటి కారు అడుగుభాగానికీ, నేలకూ నడుమ ఎడం సాధారణ కార్ల కంటే చాలా తక్కువ. కాలనీ దారిలోని తొలి మిట్ట వద్దే అడుగున గీసుకున్న చప్పుడు అతని గుండెలో వినిపించింది. నాటి నుండి అతడు మిట్టలను ఏటవాలుగా, ఒక్కొక్క చక్రంతో దాటడం నేర్చుకున్నాడు.

ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక కారు తన స్వభావాన్ని చూపింది. 158 కిలోమీటర్ల ఆ దారిలో అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఫెరారీ 360 మోడెనా వంటి వాహనం నిశ్చల స్థితి నుండి 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. అంటే చట్టం అనుమతించిన హద్దు కొన్ని సెకన్లలోనే ముగుస్తుంది. ఆ తరువాత మిగిలేది నిగ్రహమే. దారి తనదొక్కనిదే కాదని గుర్తెరిగి అతడు పాదాన్ని వెనక్కు తీసుకున్నాడు.

మూడవ పాఠం మెకానిక్ షెడ్డులో జరిగింది. కారు కొద్ది కిలోమీటర్లే తిరిగిందని అతడు సంతోషించాడు. అయితే కదలని బండికి కూడా వయసు వస్తుంది. టైరు అంచున ఉండే నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. అరగకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. ఇంజనులోని టైమింగ్ బెల్టును కూడా నియమిత కాలానికి మార్చాలి. 1990లలో వచ్చిన ఫెరారీ ఎఫ్355లో ఆ ఒక్క బెల్టు కోసం ఇంజనునే బయటకు తీయవలసి వచ్చేది. కారు ధర వయసుతో తగ్గుతుంది. విడిభాగాల ధర మాత్రం కొత్త కారుకు ఉన్నట్లే ఉంటుంది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడితే నడవదు.

అప్పుడతడు పాత యజమాని ఇచ్చిన సర్వీసు పుస్తకాన్ని తెరిచాడు. ఏ నెలలో నూనె మార్చారు, ఏ సంవత్సరం పట్టించుకోలేదు అన్నది అందులో కనిపించింది. పాత యంత్రాన్ని కొనడమంటే మరొకరి శ్రద్ధను, అశ్రద్ధను కలిపి కొనడమని అతనికి బోధపడింది.

కాగితాల పని కూడా చిన్నది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవాడు ముప్పై రోజులలో యాజమాన్య మార్పును నమోదు చేయించుకోవాలి. బీమా పేరు మార్పునకు పద్నాలుగు రోజులలో దరఖాస్తు చేయాలి. ఇతర రాష్ట్రపు బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం కావాలి.

నెల గడిచింది. వీధి పిల్లలు కారును చూడటం మానేశారు. ఆదివారం ఉదయం అతడు పుస్తకంలో మొదటిసారిగా తన చేతితో తేదీ వేసి, మార్చిన నూనె వివరాలు రాశాడు. పక్కన నిలిచిన తండ్రి ఆ పంక్తిని చదివి, “ఇప్పుడు బండి నీదయింది” అన్నాడు.

అర్థాలు

మక్కువ = ఇష్టం
సుంకం = పన్ను
ఉదంతం = జరిగిన సంగతి
దర్పం = గర్వం, ఠీవి
నిశ్చల = కదలిక లేని
నిగ్రహం = అదుపు

ప్రశ్నలు

1. “ఇప్పుడు బండి నీదయింది” అనే తండ్రి మాటలోని అంతరార్థాన్ని వివరించండి.
2. తక్కువ దూరం తిరిగిన పాత కారును కొనేటపుడు పరిశీలించవలసిన అంశాలేవి?
3. ఔటర్ రింగు రోడ్డుపై యువకుడు పాదాన్ని వెనక్కు తీసుకోవడానికి కారణమేమి?
4. ఏకవాక్య సమాధానం: సిల్వర్ ఘోస్ట్ కారు చివరకు ఎవరికి దక్కింది?